గుండె జబ్బున్న పిల్ల సోయి తప్పి పడిపోతే: వరంగల్ నుంచి ఎటు వెళ్లాలి, ఏ పరీక్ష ముందు చేయించాలి

మా పాపకు మూడేళ్లప్పుడు గుండెలో రంధ్రం మూశారు. ఆపరేషన్ బాగా జరిగింది, కొన్నాళ్లకు మందులు కూడా ఆపేశారు. ఏటా ఒకసారి ఎకో (గుండె స్కానింగ్) తీయించుకుని ఫైల్లో పెట్టుకోవడం ఒక్కటే మాకు మిగిలిన పని. పదో ఏట ఒక సోమవారం నేను పనిచేసే నర్సంపేట బడికి బస్సులో వెళ్తుంటే హన్మకొండ నుంచి పాప బడి పీఈటీ సార్ ఫోన్ చేశారు. "మేడమ్, పాప గ్రౌండ్ల ఉరుక్కుంట ఉరుక్కుంట పడిపోయింది. సోయి లేకుండె. ఇప్పుడైతే లేచి కూసుంది, నీళ్లు తాగింది. మీరు జర జల్ది రండి."

ఆ రోజు చూపించిన చోట నీరసం అన్నారు, ఒక సెలైన్ ఎక్కించి పంపారు. రెండు నెలలకు మళ్లీ పడింది. ఈసారి చేతులు కొద్దిగా కొట్టుకున్నాయని విని ఇంకో చోట ఫిట్స్ అన్నారు. ఐదు నెలలు ఫిట్స్ మాత్రలు వేశాం. ఆ ఐదు నెలల్లో ఈసీజీ తీద్దామని ఎవరూ అనలేదు, అడగాలని నాకూ తెలియలేదు. ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి అన్నారు, తాయెత్తు కట్టించారు. మూడోసారి పడ్డాక గానీ అసలు కారణం దొరకలేదు. అది ఎలా దొరికిందో కింద రాస్తాను.

ఇప్పుడు మా వైపు నుంచి, పరకాల, భూపాలపల్లి, మహబూబాబాద్, జమ్మికుంట నుంచి కూడా తెలిసిన వాళ్ల ద్వారా తల్లిదండ్రులు ఫోన్ చేస్తుంటారు. అందరి ప్రశ్నా ఒకటే: వరంగల్ ప్రభుత్వ ఆస్పత్రి ఎంజీఎంకు పోవాలా, ప్రైవేటుకా, హైదరాబాద్‌కా, కొండపాకలోని పిల్లల గుండె ఆస్పత్రికా? నేను డాక్టర్‌ను కాను. ఈ దారిలో తిరిగి నేర్చుకున్నది, మా పాపను చూసే డాక్టర్లను పదే పదే అడిగి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

ముందు తేల్చుకోవాల్సినవి

ఆస్పత్రి పేరు కంటే ముందు ఈ నాలుగు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, పడటానికి ముందు నిమిషంలో ఏం జరుగుతోంది. అన్నింట్లోకీ ఇదే పెద్దది. నిలబడి నిలబడి, ఎండలో, పొద్దున ఏమీ తినకుండా ప్రార్థనలో పడిపోయిన పిల్లకు, పరుగెత్తుతూ మధ్యలో పడిపోయిన పిల్లకు చాలా తేడా ఉంది. మొదటి పిల్లకు పడేముందు కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి, వాంతి వచ్చినట్టుంటుంది, చెవుల్లో గుయ్యిమంటుంది. అంటే శరీరం ముందే చెబుతుంది. గుండె లయ తప్పి పడే పిల్లకు చాలాసార్లు అంత టైమ్ ఉండదు. దబ్బున పడుతుంది, చేతులు అడ్డం పెట్టుకోలేక ముఖానికి దెబ్బ తగిలించుకుంటుంది.

రెండోది, గుండెలో ఉన్న జబ్బు ఏమిటి, దానికి ఆపరేషన్ అయిందా లేదా. "గుండెలో హోల్" అనే మాట చాలదు. పాత డిశ్చార్జి కాగితంలో ఏం మూశారో, ఏం కోశారో రాసి ఉంటుంది. ఆ కాగితం లేకుండా ఎంత పెద్ద డాక్టరైనా సగమే చెప్పగలరు.

మూడోది, దూరం. హన్మకొండలో ఉన్నవాళ్ల లెక్క వేరు, ఏటూరునాగారంలో ఉన్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకు వరంగల్ రావడానికే రెండు గంటలు పైన పడుతుంది.

నాలుగోది, రిపోర్టు చదివేది ఎవరు. ఈసీజీ ఎక్కడైనా తీస్తారు. పిల్లల ఈసీజీ మాత్రం పెద్దవాళ్లలా ఉండదు. వాళ్ల గుండె వేగం ఎక్కువ, పెద్దవాళ్లలో జబ్బు అనిపించే కొన్ని గీతలు వాళ్లలో మామూలే. అందుకే పిల్లల గుండె డాక్టర్, వీలైతే గుండె లయ తెలిసిన డాక్టర్ దాన్ని చూడాలి.

డబ్బు ఐదోది. దాని గురించి చివర్లో రాస్తాను. తక్కువ ముఖ్యమని కాదు, మొదట డబ్బు లెక్క వేసుకుంటే మిగతా నాలుగూ దానికి తగ్గట్టు వంగిపోతాయి. మా విషయంలో అదే జరిగింది.

రేపటిదాకా ఆగకూడని సందర్భాలు

కింద రాసిన వాటిలో ఒక్కటి ఉన్నా, పిల్ల లేచి నవ్వుతూ ఆడుకుంటున్నా సరే, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

- ఆడుతూ, పరుగెత్తుతూ, ఈత కొడుతూ పడిపోతే. మన వైపు ఎండాకాలం పిల్లలు వ్యవసాయ బావుల్లో, చెరువుల్లో ఈత కొడతారు. నీళ్లలో సోయి తప్పిన పిల్లను "ఈత రాక మునిగింది" అనుకుని వదిలేయకూడదు.
- ఒక్కసారిగా పెద్ద చప్పుడు విని, అలారం మోగి, భయపడి, ఏడ్చి పడిపోతే.
- పడుకుని ఉండగానే సోయి తప్పితే.
- పడేముందు గుండె దడదడలాడిందని, ఛాతీలో నొప్పి వచ్చిందని పిల్ల చెబితే.
- ఇంట్లో గానీ దగ్గరి చుట్టాల్లో గానీ నలభై ఏళ్ల లోపు వాళ్లు నిద్రలోనో, పనిలోనో ఉన్నట్టుండి చనిపోయి ఉంటే.
- పుట్టుకతో గుండె జబ్బు ఉండి, దానికి ఆపరేషన్ అయి, ఆ తర్వాత ఎప్పుడైనా సరే సోయి తప్పితే. పదేళ్ల తర్వాత అయినా ఇదే మాట.
- పుట్టు చెవుడు ఉన్న పిల్ల సోయి తప్పి పడుతుంటే.

చివరిది చాలామంది వినలేదు. పుట్టు చెవుడుతో పాటు ఈసీజీలో క్యూటీ అనే దూరం (గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే సమయం) సాగి ఉండే ఒక వంశపారంపర్య జబ్బు ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తే అది బయటపడుతుంది. మేనరికం పెళ్లిళ్లలో ఇలాంటి జబ్బులకు అవకాశం ఎక్కువ. చెవిటి పిల్లకు "ఫిట్స్" అని చెప్పిన ప్రతి ఇంట్లో ఒక ఈసీజీ తీయించమని నేను చేతులు జోడించి అడుగుతాను.

ఫిట్సా, గుండెనా?

మేం ఐదు నెలలు పోగొట్టుకున్నది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. గుండె ఆగినట్టయితే మెదడుకు రక్తం అందదు. అప్పుడు కూడా చేతులు కాళ్లు కొద్దిసేపు కొట్టుకుంటాయి, కళ్లు పైకి పోతాయి, ఒంటేలు పోయినా పోవచ్చు. చూసేవాళ్లకు అది అచ్చం ఫిట్స్‌లా కనిపిస్తుంది.

తేడా పట్టించేవి రెండు మూడు ఉన్నాయి. గుండె వల్ల పడిన పిల్ల ముందు తెల్లగా పాలిపోతుంది, కొట్టుకోవడం కొన్ని సెకన్లే ఉంటుంది, ఒకటి రెండు నిమిషాల్లో లేచి మనుషుల్ని గుర్తుపడుతుంది. ఫిట్స్‌లో కొట్టుకోవడం ఎక్కువసేపు ఉంటుంది, నాలుక పక్కన కరుచుకుంటారు, తర్వాత అరగంటో గంటో మత్తుగా, అయోమయంగా ఉంటారు. మా పాప ప్రతిసారీ లేవగానే "అమ్మకు చెప్పకండి" అనేదట. అంత తెలివితో లేచిన పిల్లకు ఫిట్స్ మాత్రలు వేశాం.

మెదడు పరీక్ష ఈఈజీ రాసినప్పుడు, "దీనితో పాటు పన్నెండు లీడ్ల ఈసీజీ కూడా తీయిద్దామా డాక్టర్ గారూ" అని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. దాని ఖర్చు ఈఈజీ కంటే చాలా తక్కువ.

ఆ నిమిషంలో

పిల్లను నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కొద్దిగా ఎత్తండి. చుట్టూ గుమిగూడకుండా చూడండి. నోట్లో నీళ్లు పోయొద్దు. చేతిలో తాళం చెవులు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం లాంటివాటితో టైమ్ పోగొట్టుకోవద్దు. ఊపిరి చూడండి. ఊపిరి లేకపోయినా, ఎగశ్వాసలా అప్పుడొకటి అప్పుడొకటి తీస్తున్నా, ఒకరు 108కు ఫోన్ చేయాలి, ఇంకొకరు వెంటనే ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మూడో వంతు లోపలికి పోయేలా నొక్కాలి. ఒక్కరే ఉంటే 30 నొక్కులకు రెండు శ్వాసలు. ఇది కాగితం చూసి వచ్చేది కాదు, ఒకసారి ఎవరి దగ్గరైనా బొమ్మ మీద నేర్చుకోండి.

ఒక్క చోట పద్ధతి మారుతుంది. ఆపరేషన్ కాని "నీలి పిల్లలు" ఉంటారు. ఏడిస్తే పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి, ఆడుతూ ఆడుతూ అలసి గొంతుక్కూర్చుంటారు. వీళ్లకు దమ్ము పట్టి నీలం పెరిగితే మోకాళ్లను ఛాతీకి ఆనించి పట్టుకోవాలి, బుజ్జగించి ఏడుపు ఆపాలి, అలాగే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆ నీలం పోయినా సరే వెళ్లాల్సిందే. ఆపరేషన్ ఎప్పుడన్న మాట డాక్టర్‌తో ఆ రోజే మాట్లాడాలి.

ఎక్కడికి?

ఇక్కడ ఒక విషయం విడదీసుకుంటే సగం టెన్షన్ పోతుంది. ప్రాణం నిలబెట్టుకోవడానికి వెళ్లే చోటు వేరు, కారణం కనిపెట్టించుకోవడానికి వెళ్లే చోటు వేరు. మొదటిదానికి దగ్గరితనమే లెక్క. రెండోదానికి దూరమైనా ఫరవాలేదు, తెలిసిన డాక్టర్ కావాలి. పడిపోయిన పిల్లను కారులో వేసుకుని సోయి లేకుండానే నూట యాభై కిలోమీటర్లు హైదరాబాద్‌కు ఉరికిన వాళ్లున్నారు. అలా చేయకండి. జనగామ దాటాక ఊపిరి ఆగితే కారులో ఏం చేస్తాం?

*ఎంజీఎం, కాకతీయ మెడికల్ కాలేజీ*

ఉత్తర తెలంగాణకు ఎమర్జెన్సీలో పెద్ద దిక్కు ఎంజీఎం. వెయ్యి పడకల ఆస్పత్రి, రాత్రి పగలు తెరిచే ఉంటుంది, పిల్లల విభాగం ఉంది. ఊరు ఏదైనా, 108 తీసుకొచ్చేది చాలావరకు ఇక్కడికే. పడిన రోజు ఇక్కడ ఈసీజీ, రక్తంలో చక్కెర, సోడియం, పొటాషియం చూపించుకోవచ్చు, రాత్రంతా మానిటర్ మీద పెట్టించుకోవచ్చు. కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలో సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి కూడా ఉంది, గుండె విభాగం అక్కడే. కష్టమేమిటంటే రద్దీ. ఓపీలో డాక్టర్ మీకు ఇచ్చే టైమ్ తక్కువ, కాబట్టి చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని వెళ్లండి. పిల్లల గుండె ప్రత్యేక డాక్టర్ ఏ రోజు చూస్తారో ముందే కనుక్కోండి.

*హన్మకొండ, కరీంనగర్ ప్రైవేటు గుండె ఆస్పత్రులు*

త్వరగా పని అవుతుంది. పొద్దున పోతే సాయంత్రానికి ఈసీజీ, ఎకో రెండూ చేతికొస్తాయి, హోల్టర్ (ఒంటికి కట్టి ఒకటి రెండు రోజులు గుండె లయ రాసే చిన్న మిషన్) కూడా కట్టించుకుని రావచ్చు. అక్కడ ఎక్కువగా చూసేది పెద్దవాళ్ల గుండె జబ్బులు. ఇందులో తప్పేమీ లేదు. పరీక్ష ఇక్కడ చేయించుకుని, ఆ గీతల కాగితాన్ని పిల్లల గుండె డాక్టర్‌కు చూపించుకోవడం చాలా ఇళ్లకు సరిపోయే దారి. ఒక్క జాగ్రత్త: "ఎకో నార్మల్, ఇంక భయం లేదు" అని ఇంటికి పంపితే అక్కడితో ఆగిపోవద్దు. ఎకో గుండె గోడలు, కవాటాలు, రంధ్రాలు చూపిస్తుంది. ఇల్లు ఎలా కట్టారో చూసినట్టన్నమాట. కరెంటు వైరింగ్ దాంట్లో కనిపించదు. మా పాప ఎకో ప్రతి ఏడూ నార్మలే.

*కొండపాక*

సిద్దిపేట జిల్లా కొండపాకలో సత్యసాయి సంజీవని వారి పిల్లల గుండె ఆస్పత్రి ఉంది. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులకు అక్కడ పూర్తిగా ఉచితంగా ఆపరేషన్ చేస్తారు, బిల్లు కౌంటరే లేని ఆస్పత్రి. రాజీవ్ రహదారి పక్కనే కాబట్టి కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల వాళ్లకు హైదరాబాద్ కంటే దగ్గర. ఆపరేషన్ ఇంకా కాని పిల్లలకు, నీలి పిల్లలకు, కవాటం బిగుసుకుపోయి పరుగెత్తితే కళ్లు తిరిగే పిల్లలకు నేను ముందు చెప్పే పేరు ఇదే. పాత రిపోర్టులు దగ్గర పెట్టుకుని ముందే ఫోన్ చేసి వెళ్లండి. అర్ధరాత్రి ఎమర్జెన్సీ లెక్కలో మాత్రం దీన్ని పెట్టుకోకండి, దానికి దగ్గరి ఆస్పత్రే.

*హైదరాబాద్: నిమ్స్, పెద్ద ప్రైవేటు ఆస్పత్రులు*

గుండె లయ జబ్బు అనే అనుమానం ఉన్నప్పుడు చివరికి ఇక్కడికే రావాల్సి ఉంటుంది. పంజాగుట్ట నిమ్స్‌లో గుండె వైద్యం, గుండె ఆపరేషన్ విభాగాలు రెండూ ఉన్నాయి. పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల్లో పిల్లల గుండె డాక్టర్, లయ డాక్టర్ ఒకే చోట దొరుకుతారు. కాజీపేటలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చూపించుకోవచ్చు గానీ, ఒక్క రోజులో పని అయిపోతుందని అనుకోవద్దు. మేం మొదటిసారి అలా అనుకుని వెళ్లి, బస లేక, రాత్రి చుట్టాలింటికి ఫోన్లు చేసుకున్నాం. ఫోన్ చేసినప్పుడు "పిల్లల కార్డియాలజిస్ట్ ఉన్నారా" అని మాత్రమే అడిగితే చాలదు. "పిల్లలకు గుండె లయ సమస్యలు చూసే డాక్టర్ ఏ రోజు ఉంటారు, హోల్టర్ అదే రోజు కడతారా" అని అడగండి.

ఏ పరీక్ష?

పడిపోవడం అనేది దొంగలా వచ్చిపోయే సంగతి. ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాదు. కాబట్టి పరీక్షలన్నింటి మధ్య తేడా ఒకటే, ఎంతసేపు కాపలా కాస్తాయి అని.

| పరీక్ష | ఎంతసేపు చూస్తుంది | ఎప్పుడు పనికొస్తుంది | లోటు |
|---|---|---|---|
| ఈసీజీ | పది సెకన్ల పాటు | అందరికీ, మొదటి రోజే | అప్పుడు గుండె బాగుంటే ఏమీ దొరకదు |
| ట్రెడ్‌మిల్ | పదిహేను నిమిషాల దాకా | పరుగులో పడే, ఆరేడేళ్లు దాటిన పిల్లలకు | చిన్నపిల్లలు చేయలేరు; పక్కన డాక్టర్ ఉండాల్సిందే |
| హోల్టర్ | 24 నుంచి 48 గంటలు | రోజూనో రెండు రోజులకోసారో దడ, తల తిరగడం ఉంటే | నెలకోసారి పడే పిల్లకు సరిపోదు |
| ప్యాచ్ (ఛాతీకి అంటించే లయ రికార్డర్) | 7 నుంచి 14 రోజులు | వారానికోసారి లక్షణాలు ఉంటే | ఎండాకాలం చెమటకు ఊడుతుంది, దురద పెడుతుంది |
| చర్మం కింద పెట్టే లూప్ రికార్డర్ | దాదాపు మూడేళ్ల దాకా | అరుదుగా, కానీ ప్రమాదకరంగా పడే పిల్లలకు | చిన్న కోత, ఖర్చు ఎక్కువ |

ట్రెడ్‌మిల్ గురించి ఒక మాట. పరుగెత్తినప్పుడు, భయపడినప్పుడు మాత్రమే లయ తప్పే జబ్బు ఒకటి ఉంది. అందులో కూర్చుని తీసిన ఈసీజీ, ఎకో రెండూ శుభ్రంగా ఉంటాయి. పరుగెత్తించి చూస్తేనే బయటపడుతుంది. గ్రౌండ్‌లో పడిన పిల్లకు ఈ పరీక్ష అడగకుండా వదలొద్దు. కవాటం బాగా బిగుసుకుపోయిన పిల్లకైతే ఈ పరీక్షే ప్రమాదం కావచ్చు, కాబట్టి ముందు ఎకో, తర్వాతే ట్రెడ్‌మిల్.

వాచీ కొందామా అని చాలామంది అడుగుతారు. ఆపిల్ వాచీలో ఈసీజీ 22 ఏళ్ల లోపు వాళ్ల కోసం చేసింది కాదని ఆ కంపెనీయే చెబుతుంది. పైగా సోయి తప్పిన పిల్ల వాచీ మీద వేలు పెట్టలేదు. ఆ డబ్బులు ప్యాచ్‌కు దాచుకోండి.

మా పాపకు హోల్టర్ రెండుసార్లు కట్టారు, రెండుసార్లూ ఏమీ లేదు. మూడోసారి ప్యాచ్ అంటించారు. ఆరో రోజు ఇంటి మెట్లెక్కుతూ "అమ్మా, కళ్లు చీకట్లయ్యాయి" అని గోడ పట్టుకుంది. నేను టైమ్ రాసిపెట్టాను, సాయంత్రం 5.40. తర్వాత డాక్టర్ ఆ నిమిషం కాగితం తీసి చూపించారు. గుండె పైగదులు కొట్టుకున్నట్టు చెప్పే చిన్న చిన్న గుబ్బలు వరుసగా నడుస్తున్నాయి. వాటి వెనుక రావాల్సిన పొడవు గీత, కింది గదులు కొట్టుకున్నట్టు చెప్పే గీత, ఆరు సెకన్లు లేదు. కాగితం మీద చాచిన దారంలా ఉంది. రంధ్రం మూసిన చోటు పక్కనుంచే గుండె కరెంటు తీగ పోతుందట, ఏళ్ల తర్వాత కూడా అది కొందరిలో దెబ్బతింటుందట. ఆ వారమే గుండెను లయలో కొట్టించే చిన్న మిషన్, పేస్‌మేకర్ పెట్టారు. ఫిట్స్ మాత్రలు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించి ఆపేశాం.

ఎవరికి ఏ దారి

ఊళ్లో ఉండి, కూలికి పోయే ఇంటివాళ్లయితే: మొదట మీ అంగన్‌వాడీకి గానీ బడికి గానీ వచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందాన్ని పట్టుకోండి. ఇది పిల్లల ఆరోగ్య పరీక్షలకు 2013 నుంచి ఉన్న ప్రభుత్వ పథకం, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు వర్తిస్తుంది. వాళ్లు రాసిచ్చిన కాగితంతో వెళితే పెద్ద ఆస్పత్రిలో దారి సులువవుతుంది. పడిన రోజు మాత్రం వాళ్ల కోసం ఎదురు చూడకుండా 108.

ఆపరేషన్ అయిన పిల్లయితే: వీలైతే ఆపరేషన్ చేసిన చోటికే తిరిగి వెళ్లండి. వాళ్ల దగ్గర పాత రికార్డు ఉంటుంది. అక్కడికి వెళ్లలేని వాళ్లు కనీసం ఆపరేషన్ వివరాల కాగితం అక్కడి నుంచి తెప్పించుకోండి. మీ పిల్లకు ఎకో బాగుందన్న మాటతో ఊరట పడి హోల్టర్ మానొద్దు.

గుండె నిర్మాణం బాగుండి లయ జబ్బు అని తేలిన పిల్లయితే: హైదరాబాద్‌లో లయ డాక్టర్ ఒకరిని పట్టుకోండి, మందులు, నెలవారీ పరీక్షలు హన్మకొండలో చూసుకోండి. ఇద్దరు డాక్టర్లు ఉండటం భారం అనిపిస్తుంది గానీ, ప్రతి జ్వరానికీ సికింద్రాబాద్ రైలెక్కలేం కదా. ప్రొప్రనలాల్, నాడొలాల్ లాంటి మాత్రలు రాస్తే ఒక్క రోజు కూడా మానొద్దు, సొంతంగా ఆపొద్దు. పండక్కి ఊరెళ్లేటప్పుడు వారం ఎక్కువ మాత్రలు సంచీలో ఉండాలి.

ఎండలో, ఆకలితో మాత్రమే, ముందు కళ్లు తిరిగి పడే పిల్లయితే: గుండె డాక్టర్ ఒకసారి ఈసీజీ, పాత ఫైలు చూసి సరే అన్నాక, నీళ్లు, ఉప్పు, పొద్దున టిఫిన్, ప్రార్థనలో నీడ. మన రామగుండం, భూపాలపల్లి ఎండలు తెలిసినవే. ఇలాంటి పిల్లను పట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిప్పి భయపెట్టొద్దు.

ఊరి డాక్టర్ దగ్గర

ఇది ఎవరూ రాయరు, కాబట్టి రాస్తున్నాను. క్యూటీ సాగిన పిల్లలకు కొన్ని మామూలు మందులే ప్రమాదం. జ్వరానికి, దగ్గుకు ఇచ్చే అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్. వాంతులకు ఇచ్చే ఒండాన్‌సెట్రాన్, డోంపెరిడోన్. దురదకు ఇచ్చే హైడ్రాక్సిజిన్. మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్. ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకొనజోల్. మన ఊళ్లలో వాంతులు విరేచనాలు అని ఆర్ఎంపీ దగ్గరికి పోతే వీటిలో ఒకటి రెండు చాలాసార్లు ఇస్తారు. పైగా వాంతులు విరేచనాలతో ఒంట్లో పొటాషియం కూడా తగ్గిపోతుంది, లయ ఇంకా చెదురుతుంది. మీ పిల్లకు ఈ జబ్బుందని తేలితే ఈ పేర్లను చీటీ మీద రాసి మందుల డబ్బా మూతకు అంటించండి. ఈసీజీ మిషన్ క్యూటీసీ (గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ) 460 మిల్లీసెకన్లు దాటిందని అచ్చు వేస్తే, పిల్లల గుండె డాక్టర్ చేతితో కొలిచి చూసేదాకా ఆ మందులు వేయించొద్దు.

డబ్బు

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి పది లక్షలు. ఆపరేషన్, పేస్‌మేకర్ లాంటి అడ్మిట్ అయి చేయించుకునే చికిత్సకు దీని మీద ఆశ పెట్టుకోవచ్చు. బయట కట్టించుకునే హోల్టర్, ప్యాచ్ ఖర్చు చాలావరకు మన జేబులోంచే పోతుంది. అడ్మిట్ కాకముందే ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి "మా పాపకు రాసిన ఈ చికిత్స పథకంలో ఉందా, ఏ రకం పరికరం ఇస్తారు" అని అడగండి. పిల్లల్లో పేస్‌మేకర్ బ్యాటరీ చాలావరకు ఐదు నుంచి పదేళ్లే వస్తుంది, మళ్లీ మార్చాలి. ఒకసారితో అయిపోయే ఖర్చు కాదని ముందే తెలుసుకుంటే మంచిది. రానుపోను చార్జీలు, పోయిన కూలి కూడా లెక్కలో వేసుకోండి. మాకు పరీక్షల కంటే అవే ఎక్కువయ్యాయి.

పడిన కథ రాసుకోవడం

ఏ ఆస్పత్రి ఎంచుకున్నా, ఏ పరీక్ష చేయించినా, డాక్టర్ మొదట అడిగేది ఇదే. పక్కన ఉన్నవాళ్లను అడిగి అదే రోజు రాయాలి. మర్నాటికి కథ మారిపోతుంది. మా పీఈటీ సార్‌ను నేను మళ్లీ వెళ్లి అడిగాను: పరుగు మొదట్లో పడిందా, చివర్లోనా? ముందు ఏమైనా అన్నదా? ముఖం తెల్లబడిందా, నీలమైందా? కొట్టుకున్నది ముందా, పడ్డ తర్వాతా? ఎంతసేపటికి పేరు చెప్పింది? ఆయన ఓపిగ్గా చెప్పారు. ఆ ఐదు జవాబులు ఉన్న నోటుబుక్కు పేజీని చూశాకే హైదరాబాద్ డాక్టర్ ఫిట్స్ మాత్రల సంగతి మళ్లీ ఆలోచిద్దాం అన్నారు. మళ్లీ పడితే పక్కవాళ్లలో ఒకరు ఫోన్‌లో వీడియో తీయాలని కూడా బడిలో చెప్పి ఉంచండి. పిల్లను చూసుకోవడానికి ఒకరు, వీడియోకు ఇంకొకరు.

పాప ఇప్పుడు ఏడో తరగతి. బతుకమ్మ ఆడుతుంది, ఖోఖో ఆడుతుంది. ఛాతీకి దెబ్బ తగిలే ఆట కాబట్టి కబడ్డీ మాత్రం వద్దన్నారు. ఆమె బడి సంచీ లోపలి జేబులో లామినేషన్ చేయించిన ఒక కార్డు ఉంటుంది, క్లాస్ టీచర్ టేబుల్ గాజు కింద దాని నకలు ఉంటుంది. దాని మీద ఇలా రాశాం:

"నాకు గుండె ఆపరేషన్ అయింది, పేస్‌మేకర్ ఉంది. నేను పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టండి, ఊపిరి చూడండి. ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108కు ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు పోయొద్దు. ముందు ఎంజీఎంకు తీసుకెళ్లండి, తర్వాత అమ్మకు ఫోన్ చేయండి."